కుక్క బొచ్చు నిగ్గు, చమురుచుక్క: ఒక పరిశోధన చరిత్ర

కుక్కను పెంచువారికి ఒక సంగతి పుస్తకము చదువకయే తెలియును. ఒంట్లో బాగుగా నున్న కుక్క బొచ్చు నిగనిగలాడును. బాగులేనప్పుడు ఆ నిగ్గు మాసిపోవును, వెండ్రుకలు బిరుసెక్కును, చేయి పెట్టి నిమిరినచో తెల్లని పొట్టు రాలును. దీనికి మందు కూడ చాల దేశములలో ఒకటే: తిండిలో కొంచెము చమురు కలుపుట. ఇంగ్లండులో గుఱ్ఱములను సాకువారు అవిసెగింజలు ఉడికించి దాణాలో కలిపెడివారు. కుక్కలకు కాడ్ చేప కాలేయపు నూనె పోసెడివారు.

ఈ వాడుక చాల పాతది. అయితే నూనె త్రాగిన కుక్కకు బొచ్చు ఎందుకు మెరయవలెనో 1929 వరకు ఎవరికిని తెలియదు. కడుపులోనికి పోయిన నూనె చర్మము మీదికి ఊరి వచ్చునని కొందరు తలచిరి. కుక్క బలిసినది గనుక మెరయుచున్నదని మరికొందరు తలచిరి. ఈ రెండును సరికావు. అసలు కారణము ఒక ఎలుక తోకవద్ద బయటపడినది.

ఆనాటి శాస్త్రజ్ఞుల అభిప్రాయ మేమో ముందుగా చెప్పవలెను. కొవ్వు శరీరమునకు ఇంధనము మాత్రమే అని వారు నమ్మిరి. ఒక గ్రాము కొవ్వు 9 కిలోకెలొరీల శక్తి నిచ్చును. ఒక గ్రాము పిండిపదార్థము 4 ఇచ్చును. శరీరము పిండినుండియు చక్కెరనుండియు కొవ్వును తానే తయారు చేసికొనగలదు. కావున కొవ్వు లేకున్నను చక్కెర ఎక్కువగా తిన్నచో సరిపోవును. కొవ్వులో కరగియుండు ఎ, డి, ఇ విటమినులను వేరుగా ఇచ్చినచో ఇక లోటేమియు ఉండరాదు. ఈ వాదములో తప్పు పట్టుకొనుట సులభము కాదు.

జార్జి బర్, ఆయన భార్య మిల్‌డ్రెడ్ బర్ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఈ వాదమును పరీక్షించిరి. అంతకుముందు జార్జి బర్, విటమిను ఇ పరిశోధనలో పేరు పొందిన హెర్బర్ట్ ఎవాన్స్ వద్ద కాలిఫోర్నియాలో పనిచేసెను. శుద్ధిచేసిన ఆహారము పెట్టిన ఎలుకలు తెలిసిన విటమినులన్నియు అందినను సరిగా పెరుగకుండుట అక్కడనే గమనింపబడినది. బర్ దంపతులు కొవ్వు లేశమైనను లేని తిండిని తయారుచేసిరి. మాటకు ఇది తేలికగా తోచును గాని, పాలనుండి తీసిన మాంసకృత్తులోను, ఈస్టులోను కంటికి కనబడని కొవ్వు దాగియుండును. దానిని ద్రావకములతో మరల మరల కడిగి తీసివేయవలెను. ఇంతకుముందు ఇతరులు చేసిన ప్రయోగములు తప్పుదారి పట్టుటకు ఈ దాగిన కొవ్వే కారణము.

పాలు మాన్పిన ఎలుకపిల్లలకు ఈ తిండి పెట్టిరి. రెండు మూడు నెలలు గడచునప్పటికి వాటి తోకలు పొలుసులు కట్టినవి. తరువాత తోకకొన పుండై కుళ్ళినది. పాదములు ఎఱ్ఱబడినవి, వెండ్రుకలు రాలినవి, పెరుగుదల ఆగినది, తుదకు చచ్చిపోయినవి. తోక చెడిన ఎలుకకు రోజునకు కొలది చుక్కల పందికొవ్వు ఇచ్చిరి, అది తేరుకొన్నది. ఆ కొలది చుక్కలలోని శక్తి లెక్కకు రానిది. కనుక కొవ్వు అక్కడ ఇంధనముగా పనిచేయలేదు. 1929లో ఈ ఫలితములను ప్రకటించిరి. 1930లో మరియొక వ్యాసము వ్రాసి, ఆ మహిమ కొవ్వంతటిది కాదనియు, అందలి లినోలియిక్ ఆమ్లమను ఒక భాగమునదనియు తెలిపిరి.

ఆ ఎలుకలలో మరియొక వింత గలదు. అవి నీరు విపరీతముగా త్రాగెడివి. కాని త్రాగిన నీటికి తగినంత మూత్రము వెలువడలేదు. ఆ నీరు ఎక్కడికి పోయినది? పాఠకులు ఈ ప్రశ్నను గుర్తుంచుకొందురు గాక. జవాబునకు అర్ధశతాబ్దము పట్టినది.

లినోలియిక్ అను పేరులోనే అవిసె దాగియున్నది. లాటిను భాషలో లీనుమ్ అనగా అవిసె, ఓలియుమ్ అనగా నూనె. కొవ్వు ఆమ్లము కర్బన పరమాణువుల గొలుసు. 18 కర్బనములు ఏకబంధములతోనే కూడియున్నచో అది స్టియరిక్ ఆమ్లము. నడుమ ఒక ద్విబంధ మున్నచో ఓలియిక్ ఆమ్లము. రెండున్నచో లినోలియిక్ ఆమ్లము. మన శరీరము స్టియరిక్ ఆమ్లమును ఓలియిక్ ఆమ్లముగా మార్చగలదు. కాని ఆ తరువాతి ద్విబంధమును గొలుసు చివరివైపున పెట్టగల ఎంజైము మనిషికి గాని, ఎలుకకు గాని, కుక్కకు గాని లేదు. ఆ పని మొక్కలు చేయును. కావున లినోలియిక్ ఆమ్లమును తిండిలోనే పొందవలెను. అందుకే దీనికి అవశ్యక కొవ్వు ఆమ్లమని పేరు.

ఎలుకలో నిజమైనది పసిపిల్లలలోను నిజమా? ఈ ప్రశ్న మిన్నెసోటాలోనే పనిచేయుచున్న శిశువైద్యుడు ఆరిల్డ్ హాన్సెన్‌ను పట్టుకొన్నది. ఎక్జిమాతో బాధపడు శిశువుల రక్తములో అసంతృప్త కొవ్వు ఆమ్లములు తగ్గియున్నవని ఆయన కనుగొని, వివిధములైన నూనెలనిచ్చి చూచి, 1933లో ఆ సంగతి ప్రకటించెను. కొందరు పిల్లలకు గుణ మిచ్చినది. ఇతర వైద్యులు చేసి చూడగా అందరికి ఇయ్యలేదు. 1938లో బర్, హాన్సెన్ ప్రభృతులు మరియొక ప్రయోగఫలితమును ప్రకటించిరి. వారి సహచరుడైన బ్రౌన్ అను యువ శాస్త్రజ్ఞుడు ఆరు నెలలు దాదాపు కొవ్వు లేని తిండి తిని యుండెను. అతని రక్తములో లినోలియిక్ ఆమ్లము తగ్గినది గాని చర్మమునకు ఏమియు కాలేదు! పెద్దవారి ఒంటిలో కొవ్వు నిలువ యుండును. ఆ నిలువ తరుగుటకు ఆరు నెలలు చాలవు. ఆనాడు చాలమంది దీనిని చూచి, మనిషికి ఈ ఆమ్లము అక్కరలేదని తీర్మానించిరి.

ఈ చిక్కుముడి విప్పుటకే హాన్సెన్ కుక్కలవైపు తిరిగెను. ఎలుక చర్మము పలుచన, దాని ఆయువు కొద్ది. కుక్కపిల్ల త్వరగా పెరుగును. పెరుగుదలలో నున్న ప్రాణికి కొవ్వు నిలువ తక్కువ. రక్తమును మాటిమాటికి తీసి పరీక్షించుటకు తగిన దేహము దానికి గలదు. హిల్డా వీసె అను పరిశోధకురాలితో కలిసి హాన్సెన్ 1943లో, కొవ్వు తక్కువగా నున్న తిండి మీద పెంచిన కుక్కల వృత్తాంతమును ప్రకటించెను. తరువాత టెక్సాస్‌లోని గాల్వెస్టన్ వైద్యకళాశాలకు పోయి, అక్కడ ఆ పనిని కొనసాగించెను.

కొవ్వు లేని తిండి తిన్న పిల్లలు మొదట బాగుగనే యుండినవి. కొన్ని నెలలలో బొచ్చు ఎండి బిరుసెక్కినది. చర్మమునుండి సన్నని పొట్టు రాలసాగినది. ఊరక చర్మము చూచి ఊరకొనక, వారు చిన్న తునకలు కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. చర్మపు పైపొర మందమగుట మొదలుగా మార్పులు ఏ వరుసలో వచ్చుచున్నవో 1954లో వెలువడిన వ్యాసములో వివరించిరి. లినోలియిక్ ఆమ్ల మున్న కొవ్వు ఇచ్చినపుడు చర్మము మరల బాగుపడినది. రక్తములో నొక సాక్షి కూడ దొరికినది. లినోలియిక్ ఆమ్లము అందనపుడు శరీరము చేతికందిన ఓలియిక్ ఆమ్లమునే సాగదీసి, మూడు ద్విబంధములు గల వేరొక ఆమ్లమును చేసికొనును. ఇది నాసిరకపు బదులు సరకు. దాని పాలు పెరిగినదనగా లోపము వచ్చినదని అర్థము. బర్ శిష్యుడైన రాల్ఫ్ హోల్మన్ 1960లో దీనిని ఒక కొలతగా స్థిరపరచెను.

కుక్కలలో నేర్చుకొన్న దానితో హాన్సెన్ మరల శిశువులవద్దకు వచ్చెను. గాల్వెస్టన్‌లో 428 మంది శిశువులను, వేర్వేరు కొవ్వులు గల పాలమిశ్రమముల మీద నుంచి గమనించిన ఫలితములు 1963లో వెలువడినవి. వెన్న తీసిన పాల మిశ్రమము మీద పెరిగిన పిల్లలలో చర్మము ఎండి, మందమై, పొలుసులు రాలినది. మొత్తము శక్తిలో నూటికి ఒక పాలు లినోలియిక్ ఆమ్లమునుండి వచ్చునట్లు చేయగా ఆ లక్షణములు పోయినవి. శిశువులకు తెలిసి తెలిసి కొరతగల ఆహార మిచ్చుట నేటి నీతికి సమ్మతము కాదు. ఆనాడును కొందరికి మనసు కలుక్కుమని యుండవలెను. అయినను నేడు డబ్బాపాలలో లినోలియిక్ ఆమ్లము ఇంత యుండవలెనను నియమమునకు ఆధారములలో ఈ పని ముఖ్యమైనది. కుక్కపిల్లల బొచ్చు దగ్గర మొదలైన ప్రశ్న ఎంతదూరము పోయినదో చూడుడు.

ఈ చరిత్రలో తెలుగువాడొకడు గలడు. శ్రీకాకుళమున 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, విశాఖపట్టణమున వైద్యము చదివి ఆక్స్‌ఫర్డుకు పోయెను. మన దేశములో బీదపిల్లల మోచేతుల మీద, మోకాళ్ళ మీద కప్పచర్మమువలె గరుకైన బొడిపెలు లేచు జబ్బు గలదు. దీనిని ఫ్రైనోడెర్మా అందురు. విటమిను ఎ లోపమే దీనికి కారణమని చిరకాలము తలచిరి. రామలింగస్వామి, హ్యూ సింక్లెయిర్ అను ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞునితో కలిసి, విటమిను ఎ లోపమును అవశ్యక కొవ్వు ఆమ్లముల లోపమును ఎలుకలలో వేరువేరుగా కల్పించి, చర్మములో ఏది ఏ మార్పు తెచ్చునో పోల్చి, 1953లో ప్రకటించెను. ఈయన తరువాత అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యెను. కూనూరునుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున కూడ ఈ జబ్బుగలవారి రక్తములోని కొవ్వు ఆమ్లములను కొలిచి 1967లో వ్యాసము ప్రకటించిరి. నేటి జాతీయ పోషకాహార సంస్థ ఆ పరిశోధనాలయమే.

ఇక పెంపుడు కుక్క తిండికి వత్తము. 1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అను అమెరికనుడు లండనుకు వచ్చి, ఓడల బిస్కత్తు ముక్కలకొరకు రేవులో కుక్కలు ఎగబడుట చూచి, కుక్కల బిస్కత్తు వ్యాపారము పెట్టెను. అంతవరకు కుక్క తిన్నది ఇంటివారి ఎంగిలి, కసాయివాని తునకలు. ఆ తిండిలో కొవ్వు ఎంతో కొంత యుండెడిది. సంచిలో నెలల తరబడి నిలువ యుండవలసిన ఎండుతిండిలో కొవ్వు ఎక్కువగా పెట్టుటకు వీలులేదు. గాలి తగిలి అది ముక్కిపోవును. ముక్కుట యనగా ద్విబంధములవద్ద ప్రాణవాయువు పట్టుకొనుట. రెండు ద్విబంధములు గల లినోలియిక్ ఆమ్లమే ముందుగా చెడును. కాబట్టి పాతకాలపు ఎండుతిండిలో కొవ్వు కొద్ది. ఉన్న కొద్దిలో పనికివచ్చు భాగము ఇంకను కొద్ది. అటువంటి తిండి తిన్న కుక్కకు ఒక చెంచా నూనె పోసిన వాడు కొలదివారములలో అద్భుతము చూచుటలో ఆశ్చర్యము లేదు. నూనెకు వచ్చిన కీర్తిలో సగము ఆ బిస్కత్తుల చలువయే అని నా యభిప్రాయము.

నేడు సంగతి వేరు. అమెరికాలో పశ్వాహార నియంత్రణాధికారుల సంఘము పెద్దకుక్క తిండిలో, తడి తీసివేయగా మిగిలిన బరువులో, నూటికి 1.1 వంతు లినోలియిక్ ఆమ్లము తప్పక యుండవలెనని నిర్ణయించినది, పిల్లలకు 1.3. ఈ ప్రమాణమునకు సరిపోవు తిండి తినుచున్న కుక్కకు లోపము రాదు. మన ఇండ్లలో వట్టి అన్నము, మజ్జిగతో పెరుగు కుక్క సంగతి అట్లు చెప్పలేము.

ఏ నూనె అనునది కూడ ముఖ్యమే. కుసుమ నూనెలో నూటికి 70కి పైగా లినోలియిక్ ఆమ్లమే. ప్రొద్దుతిరుగుడు నూనెలో సామాన్యముగా 60 ప్రాంతము. నువ్వుల నూనెలో 40 పైచిలుకు. వేరుశనగ నూనెలో 30 ప్రాంతము. కొబ్బరి నూనెలో 2 మాత్రమే. చూపునకు అన్నియు నూనెలే. పైన పూసినచో అన్నియు మెరయును. కాని కొబ్బరి నూనె త్రాగించి లినోలియిక్ ఆమ్ల లోపమును తీర్పజూచువాడు కుండకు చిల్లి ఉండగా నీరు పోయువాని వంటివాడు.

చిల్లి యనగానే, త్రాగిన నీరు ఎటు పోయినదను పాత ప్రశ్న జ్ఞాపకము వచ్చుచున్నది. అది చర్మములోనుండి ఆవిరియై పోయినది. చర్మపు పైపొర ఎండిన కణముల పేర్పు. ఇటుకల నడుమ సున్నమువలె ఆ కణముల నడుమ కొవ్వుపొరలు గలవు. నీటిని లోపల నిలుపునవి ఆ పొరలే. పీటర్ ఇలియాస్ అను చర్మవైద్యుడు, అతని సహచరులు, లినోలియిక్ ఆమ్లము ఈ అడ్డుగోడలో నేరుగా పాల్గొనుచున్నదని 1980లో సాక్ష్యము చూపిరి. తరువాత ఫిలిప్ వెర్ట్జ్, డొనాల్డ్ డౌనింగ్ అను శాస్త్రజ్ఞులు ఆ సున్నములో సిరమైడను కొవ్వును పరిశోధించిరి. దానికి అతి పొడవైన తోక గలదు. ఆ తోక కొసను లినోలియిక్ ఆమ్లము తగిలియుండును. అది దొరకనపుడు శరీరము ఆ చోట ఓలియిక్ ఆమ్లమును తగిలించును. అప్పుడు పొరలు సరిగా కుదురుకొనవు, గోడ కారును. ఎండిన చర్మము తన్ను తాను కాపాడుకొనుటకై కణములను తొందరగా పుట్టించును. ఆ కంగారులో రాలునదే మనము చూచు పొట్టు.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని కొంతవరకు చూపవచ్చును. ఒక బంగాళదుంపను సమానమైన రెండు ముక్కలుగా కోసి, ఒకదానికి అన్ని వైపుల నూనె పూసి, రెండింటిని గంటగంటకు తూచవలెను. నూనె పూసినది నెమ్మదిగా తేలికపడును. అయితే కుక్క చర్మములోని పొర పైన పూసినది కాదనియు, లోపలినుండి కట్టినదనియు విద్యార్థులకు చెప్పుట మరువరాదు.

ఇంతవరకు లోపము సంగతి. కుక్కలను వైద్యునివద్దకు తెచ్చువారిలో చాలమంది మొరపెట్టునది దురద. గీరికొని గీరికొని కుక్క పుండ్లు చేసికొనును. దీనికి గోమారులు, ఈగలు, అలర్జీ మొదలైనవి కారణములు. తిండిలో లోప ముండనక్కర లేదు. ఇక్కడ నూనె మందుగా పనిచేయునా అన్నది వేరొక ప్రశ్న. దీనికి దారి 1964లో తెరచుకొన్నది. లినోలియిక్ ఆమ్లమునుండి శరీరము చేసికొను అరకిడానిక్ ఆమ్లము, ప్రాస్టాగ్లాండినులను పదార్థములుగా మారునని స్వీడనులోను హాలండులోను ఒకే యేట కనుగొనిరి. వాపు, ఎఱ్ఱదనము, నొప్పి కలిగించుటలో వీటికి పాత్ర గలదు. చేపనూనెలోని ఒమేగా-3 ఆమ్లములు అరకిడానిక్ ఆమ్లము చోటు నాక్రమించి, అంత తీవ్రత లేని పదార్థముల నిచ్చును. కావున దురదగల కుక్కకు చేపనూనె ఇచ్చి చూడవచ్చునను ఆలోచన వచ్చినది.

ఫ్లారిడాలో లోగస్, కంకిల్ అను పశువైద్యులు చేసిన పరీక్ష 1994లో వెలువడినది. ఏ కుక్కకు ఏ నూనె ఇచ్చుచున్నారో యజమానికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. చేపనూనె పుచ్చుకొన్న కాలములో దురద తగ్గి, బొచ్చు మెరుగైనది. 2004లో ఉత్తర ఐరోపా వైద్యులు అలర్జీ గల 60 కుక్కలను 12 వారములు పరీక్షించిరి. కొవ్వు ఆమ్లము లిచ్చిన కుక్కలకు ప్రెడ్నిసొలోన్ మందు తక్కువ మోతాదు సరిపోయినది. కాని ఆ మేలు కనబడుటకు సుమారు రెండు నెలలు పట్టినది. పది రోజులు నూనె పోసి, గుణము లేదని మానివేయువారు ఈ సంగతి గమనింపవలెను.

చమురు కారుచు పొట్టు రాలు సెబోరియా జబ్బుగల కుక్కలను ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున కారెన్ కాంబెల్ పరిశోధించెను. ఆ చర్మములలో లినోలియిక్ ఆమ్లము తక్కువగాను ఓలియిక్ ఆమ్లము ఎక్కువగాను ఉండెను. కుక్క బరువులో కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున ప్రొద్దుతిరుగుడు నూనెను 30 రోజులిచ్చినపుడు అవి సరిపడినవని 1992లో ప్రకటించిరి. విద్యార్థులు దీనిని లెక్కవేసి చూడవచ్చును. 10 కిలోల కుక్కకు రోజునకు 15 మిల్లీలీటర్లు, అనగా మూడు చిన్న చెంచాలు. అందులో శక్తి సుమారు 120 కిలోకెలొరీలు. అంతటి కుక్కకు దినమునకు కావలసినది 600 ప్రాంతము. అయిదింట ఒక వంతు నూనెయే! తిండి తగ్గింపక ఇట్లు పోయుచు పోయినచో కుక్క బలియును. కొన్నిటికి విరేచనములు పట్టును. కొన్నిటికి క్లోమగ్రంథి వాచి ప్రాణము మీదికి వచ్చును. కాలేయపు నూనెను చేపనూనె యనుకొని ఎక్కువగా పోయుట మరియు ప్రమాదము, అందు ఎ, డి విటమినులు హెచ్చు. ముక్కిన నూనె ఒంటిలోని విటమిను ఇని హరించును.

నూనె ఎంత పోసినను ప్రయోజనము లేని కుక్కలును గలవు. గోల్డెన్ రిట్రీవర్ అను జాతిలో కొన్ని పిల్లలకు చిన్ననాటినుండియు చర్మము పెద్ద పెద్ద పొలుసులుగా రాలును. ఆ తిండిలో ఏ లోపమును ఉండదు. దీనికి పీ.ఎన్.పీ.ఎల్.ఏ.1 అను జన్యువు చెడుటయే కారణమని 2012లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అదే జన్యువు చెడిన మనుష్యులలోను అటువంటి చర్మవ్యాధియే కనబడినది. ఆ జన్యువు చేయు ఎంజైము పని ఏమో 2017లో జపాను ప్రయోగశాలలలో తేలినది: సిరమైడు తోక కొసను లినోలియిక్ ఆమ్లమును అతికించుట. ఈ కుక్కల ఒంటిలో సున్నమునకు కావలసిన సరకంతయు ఉన్నది; దానిని అతుకు చేయి లేదు.